ఇంటర్ మిలాన్ గెలిచింది, నా డబ్బు పోయింది

ప్రశ్న:

అన్నా, నమస్తే. మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూరు. వయసు 24. జనవరిలో ఎంఎస్‌సీ చదవడానికి బర్మింగ్‌హామ్ వచ్చాను. చిన్నప్పటి నుంచి నాకు ఫుట్‌బాల్ అంటే పిచ్చి. ఇక్కడికొచ్చాక రూమ్మేట్స్‌తో కలిసి ఛాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల ఫుట్‌బాల్ పోటీ) చూస్తూ ఫోన్లో 2 పౌండ్లు, 5 పౌండ్లు బెట్ పెట్టేవాణ్ని. 2025 మార్చి 5న పారిస్‌లో పీఎస్‌జీ మీద లివర్‌పూల్ గెలుస్తుందని 40 పౌండ్లు పెట్టాను. 87వ నిమిషంలో గోల్ పడింది, 120 చేతికొచ్చాయి. ఆ రాత్రి అందరూ నన్ను ఎత్తుకున్నంత పని చేశారు. తర్వాతి వారం ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్ మీద 300 పెడితే పోయాయి. ఏప్రిల్‌లో రియల్ మాడ్రిడ్ సొంత గ్రౌండ్‌లో ఆర్సెనల్ మీద తిరగబడుతుందని 600 పెట్టాను, అవీ పోయాయి. మే 6న బార్సిలోనా మీద ఇంటర్ మిలాన్ గెలుస్తుందని 900 పెట్టాను. ఇంటర్ 4-3తో గెలిచింది కూడా! కానీ నా బెట్ ఓడిపోయిందని చూపించింది. అడిగితే 90 నిమిషాల రూల్ అన్నారు. వీటి మధ్యలో చిన్నాచితకా బెట్లు. మొత్తం కలిపి 2,850 పౌండ్లు పోయాయి.

అది రెండో విడత ఫీజుకి నాన్న పంపిన 4,000లో డబ్బు. మిర్చి అమ్మి, కొంత అప్పు తెచ్చి పంపారు. జూన్ 13 లోపు కట్టాలి. ఇంకా 1,150 ఉన్నాయి. మే 31న ఫైనల్. ఇంటర్ మీద ‘కప్పు గెలిచేది’ అనే బెట్ పెడితే ఈ 90 నిమిషాల గొడవ ఉండదు, రెండున్నర రెట్లు వస్తుంది, పోయిందంతా తిరిగొచ్చేస్తుంది. బాయర్న్‌నీ బార్సిలోనానీ దాటి వచ్చిన టీమ్ కదా. ఇక్కడ బెట్టింగ్ చట్టబద్ధమే కాబట్టి తప్పేమీ లేదనుకుంటున్నా. నువ్వు ఇక్కడ చాలా ఏళ్లుగా ఉన్నావు కాబట్టి అడుగుతున్నా, పెట్టనా? నాన్నకి చెప్పాలా, వద్దా? రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు.

ఒక తమ్ముడు, బర్మింగ్‌హామ్

జవాబు:

తమ్ముడూ, ముందు ఒక పని చెయ్యి. ఇక్కడితో చదవడం ఆపి, నీ యూనివర్సిటీ ఫీజు పోర్టల్ తెరిచి, ఆ 1,150 అక్కడ కట్టేసి రా. చాలాచోట్ల విడత మొత్తం ఒకేసారి కట్టాలని లేదు, కొంత కట్టినా తీసుకుంటారు. పోర్టల్ తీసుకోకపోతే ఫీజు ఆఫీసుకి ఫోన్ చేసి, ఇంత కడతానని చెప్పు. ఈ నెల అద్దె, తిండి నీ పార్ట్ టైమ్ జీతంలో వెళ్తాయా లేదా ఒకసారి చూసుకో. వెళ్తాయంటే ఒక్క పౌండ్ కూడా ఉంచుకోకు. మిగతాదంతా తర్వాత మాట్లాడుకుందాం.

కట్టావా? సరే. ఇప్పుడు నువ్వు వేసిన లెక్క చూద్దాం.

1,150కి రెండున్నర రెట్లంటే 2,875. పోయింది 2,850. ఈ రెండు అంకెలు దగ్గర దగ్గరగా ఉండేసరికి ‘పోయిందంతా వచ్చేస్తుంది’ అని రాసేశావు. కానీ ఆ 2,875లో నువ్వు పెట్టే 1,150 కూడా కలిసే ఉంది. ఇంటర్ కప్పు ఎత్తితే నీ చేతిలో ఉండేవి 2,875 మాత్రమే. ఫీజు 4,000. గెలిచినా ఇంకా 1,125 తక్కువ. అప్పుడేం చేస్తావు? ఇంకో మ్యాచ్ వెతుక్కుంటావు. నువ్వు ఎంఎస్‌సీ చదివే కుర్రాడివి, ఇంత చిన్న లెక్క రానివాడివి కాదు. టెన్షన్‌లో ఉన్న మనిషికి తనకి కావాల్సిన అంకె మాత్రమే కనబడుతుంది. నాకు నీ ఉత్తరంలో అన్నిటికంటే భయం వేసింది ఆ వాక్యం చూసే. పోయిన డబ్బు గురించి ఆ తర్వాతే ఆలోచించాను.

ఈ మాటలు నీకు నేనెందుకు చెప్పగలుగుతున్నానో కూడా చెప్పాలి. నేను 2007లో ఇక్కడికి చదువుకోవడానికి వచ్చి, తూర్పు లండన్‌లో ఒక బెట్టింగ్ షాపు కౌంటర్‌లో పద్నాలుగు నెలలు పార్ట్ టైమ్ చేశాను. అద్దం వెనక కూర్చుని స్లిప్పులు తీసుకోవడం, స్కాన్ చెయ్యడం, గెలిచినవాళ్లకి డబ్బులు లెక్కపెట్టి ఇవ్వడం నా పని. ఇప్పుడు నీ ఫోన్లో జరిగేదంతా అప్పుడు నా కళ్ల ముందు కాగితాల మీద జరిగేది.

నీ మే 6 బెట్ గురించి చదవగానే నాకొక పొద్దుట గుర్తొచ్చింది. 2008 మే 22, గురువారం. ముందు రాత్రి మాస్కోలో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ జరిగింది, మాంచెస్టర్ యునైటెడ్, చెల్సీ. 1-1 దగ్గర ఆగి, ఎక్స్‌ట్రా టైమ్ కూడా అయిపోయి, పెనాల్టీలదాకా వెళ్లింది. వానలో జాన్ టెర్రీ కాలు జారి బంతి పోస్టుకి తగిలింది. చివరికి 6-5తో యునైటెడ్ గెలిచింది. పొద్దున్నే షాపు తెరవగానే ఒక పెద్దాయన వచ్చాడు. ఇళ్లకి రంగులు వేసేవాడు, ప్యాంటు నిండా తెల్ల రంగు మరకలు. రోజూ గుర్రాల మీద రెండు పౌండ్లు పెట్టే మనిషి, ఆ వారం మాత్రం యునైటెడ్ మీద 200 పెట్టాడు. నవ్వుతూ స్లిప్పు అద్దం కింద నుంచి తోశాడు. నేను స్కాన్ చేశాను. ఓడిపోయిన స్లిప్పని మెషిన్ చెప్పింది. ‘కప్పు వాళ్లే ఎత్తారు కదయ్యా’ అన్నాడు. గోడ మీద అంటించిన రూల్స్ కాగితం చూపించాను. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, ఒక్కో అక్షరం చదివాడు. మ్యాచ్ ఫలితం మీద బెట్ అంటే 90 నిమిషాలు, దాని మీద రిఫరీ కలిపే ఇంజురీ టైమ్ వరకే లెక్క. ఎక్స్‌ట్రా టైమ్, పెనాల్టీలు అందులోకి రావు. ఆ లెక్కన మ్యాచ్ డ్రా. ఆయన ఏమీ అనలేదు. స్లిప్పుని నాలుగు మడతలు పెట్టి, చెత్తబుట్టలో వెయ్యకుండా మళ్లీ జేబులోనే పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ మడతలు పెట్టిన చేతులు నాకు ఇప్పటికీ కనబడతాయి.

నీకు జరిగింది అక్షరాలా అదే. సాన్ సిరోలో హాఫ్ టైమ్‌కి ఇంటర్ 2-0తో ఉంది. అప్పుడు నువ్వు డబ్బు లెక్కపెట్టుకునే ఉంటావు. తర్వాత బార్సిలోనా మూడు కొట్టింది, మూడోది రఫీన్యా 87వ నిమిషంలో. ఇంజురీ టైమ్‌లో 37 ఏళ్ల డిఫెండర్ అచెర్బి వెళ్లి 3-3 చేశాడు. అక్కడితో నీ బెట్ ముగిసిపోయింది. ఫ్రట్టేసి కొట్టిన నాలుగో గోల్ ఎక్స్‌ట్రా టైమ్‌లోది, ఇంటర్‌ని ఫైనల్‌కి తీసుకెళ్లింది కానీ నీ 900కి దానితో సంబంధం లేదు. ‘ఏ టీమ్ ముందుకెళ్తుంది’ అనే బెట్ వేరే ఉంటుంది, దాని రేటు తక్కువ. నువ్వు ఎక్కువ రేటు చూసి మొదటిది నొక్కావు.

దీని నుంచి నువ్వు నేర్చుకున్నది, ‘ఈసారి సరైన బటన్ నొక్కుతాను’ అని. ఆ 900 పోవడానికి అసలు కారణం బటన్ అనుకుంటున్నావు. నేను అలా అనుకోవట్లేదు. 900 పౌండ్లు పెట్టేముందు దాని రూల్ చదవని మనిషి, ఆ సమయంలో ఆట గురించి ఆలోచిస్తున్నాడా, ఏప్రిల్‌లో పోయిన 600 గురించి ఆలోచిస్తున్నాడా? నిన్ను నువ్వే అడిగి చూడు.

రేటు సంగతి కూడా ఒకసారి విప్పి చెబుతాను, ఎందుకంటే మీ రూమ్‌లో ఎవరికీ ఇది ఎవరూ చెప్పి ఉండరు. ఒక నాకౌట్ మ్యాచ్‌కి సొంత గ్రౌండ్ టీమ్ 2.20, డ్రా 3.30, అవతలి టీమ్ 3.30 అని రేట్లు ఉన్నాయనుకో. 2.20 అంటే ఒక పౌండ్ పెట్టి గెలిస్తే, పెట్టిందీ కలిపి చేతికొచ్చేది 2.20. ఏది జరిగినా నీకు 100 పౌండ్లు వచ్చేలా మూడింటి మీదా పెట్టాలంటే ఎంత కావాలి? 45.45, 30.30, 30.30. కలిపితే 106. అంటే 106 ఇచ్చి 100 తీసుకోవడం. ఆ ఆరు షాపువాడి వాటా, మ్యాచ్ మొదలవకముందే రేట్లలో కలిపేసి ఉంటుంది. అలాంటి మ్యాచ్‌లు నాలుగు కలిపి అక్యుములేటర్ (అన్నీ గెలిస్తేనే డబ్బొచ్చే ఒకే బెట్) వేస్తే వాటా మీద వాటా పడుతుంది. సగటున నువ్వు పెట్టిన నూటిలో 79 మాత్రమే ఆటలో ఉన్నట్టు, 21 ముందే తీసి పక్కన పెట్టినట్టు. నువ్వు 2 పౌండ్లు, 5 పౌండ్లు అంటూ సరదాగా మొదలుపెట్టినవి చాలావరకు ఇవే అయ్యుంటాయి. మ్యాచ్ అయ్యేలోపే బెట్ తెంచుకుని డబ్బు తీసుకోమని ‘క్యాష్ అవుట్’ అని మెరిసే బటన్ ఉందే, అక్కడ కూడా ఇంకోసారి వాటా కోసుకుంటారు.

ఇంకో సంగతి. షాపులో మా కౌంటర్ పక్కన ఒక ఫోన్ ఉండేది. ఒక పరిమితి దాటిన బెట్ ఏదైనా వస్తే, తీసుకోవాలా వద్దా అని హెడ్డాఫీసుకి ఫోన్ చేసి అడగాలి. కొందరి విషయంలో రెండు సెకన్లలో ‘తీసుకో’ అనేవాళ్లు. మా షాపులో ఇద్దరే ఇద్దరి విషయంలో మాత్రం ‘20కి మించి తీసుకోవద్దు’ అనేవాళ్లు. ఆ ఇద్దరూ నెల మొత్తం మీద లెక్క చూస్తే గెలిచేవాళ్లు. ఎవరైనా పెద్ద మొత్తం గెలిచి వెళ్తే మా మేనేజర్ ‘అది వాడికి మనం ఇచ్చిన చేబదులు, శనివారానికి తిరిగొస్తుంది’ అనేవాడు. నిజంగానే వచ్చేది. నీ 900ని ఆ యాప్ ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా తీసుకుంది. నిన్ను వాళ్లు ఏ వరసలో నిలబెట్టారో దాన్నిబట్టే తెలుస్తుంది. నిన్ను బాధపెట్టాలని ఈ మాట అనడం లేదు. వాళ్లకి తెలిసిన సంగతి నీకూ తెలియాలని అంటున్నా.

నీకు ఫుట్‌బాల్ తెలియదని నేననను. నీ ఉత్తరం చదివితేనే తెలుస్తుంది, నీకు ఆట బాగా తెలుసు. కానీ మార్చి 5న నిన్ను గెలిపించింది ఆ తెలివి కాదు. ఆ మ్యాచ్ మళ్లీ చూడు. పీఎస్‌జీ 27 సార్లు గోల్ మీదికి కొట్టింది, లివర్‌పూల్ రెండంటే రెండుసార్లు. లివర్‌పూల్ గోల్‌కీపర్ అలిసన్ తొమ్మిది ఆపాడు. ఎలియట్ మైదానంలోకి వచ్చి నిమిషం కాకముందే గోల్ కొట్టాడు. అలాంటి రాత్రి పది మ్యాచ్‌లలో ఒకసారి వస్తుందేమో. అది మొదటి పెద్ద బెట్‌కే నీకు తగిలింది. మొదట్లోనే ఓడిపోయి ఉంటే నువ్వు 40 పౌండ్లతో బయటపడేవాడివి. వారం తిరిగేసరికి ఆన్‌ఫీల్డ్‌లో అదే లివర్‌పూల్ 0-1తో ఓడింది. రెండు మ్యాచ్‌లూ కలిపి సమం కావడంతో పెనాల్టీలకి వెళ్లి, అక్కడా 4-1తో ఓడి ఇంటికెళ్లింది. నీ 300 దానితో పాటు వెళ్లాయి.

క్రికెట్లో ఒక టీ20కి 240 బంతులు. ఒక బంతి అదృష్టం బాగుండకపోయినా సర్దుకోవడానికి ఇంకా బంతులుంటాయి. ఫుట్‌బాల్లో మొత్తం మ్యాచ్‌కి రెండు మూడు గోల్స్. ఒక్క రెడ్ కార్డు, ఎవడి కాలికో తగిలి దారి మారిన ఒక్క బంతి చాలు, అంతా తలకిందులు. లీగ్‌లో అయితే 38 మ్యాచ్‌లలో అది సర్దుకుంటుంది. నాకౌట్‌లో సర్దుకోవడానికి చోటే ఉండదు. 2019 మే 8న ఆమ్‌స్టర్‌డామ్‌లో హాఫ్ టైమ్‌కి అయాక్స్ రెండు మ్యాచ్‌లూ కలిపి 3-0తో ముందుంది. లూకాస్ మౌరా రెండో సగంలో మూడు కొట్టాడు, మూడోది ఇంజురీ టైమ్ చివర్లో, టాటెన్‌హామ్ ఫైనల్‌కి వెళ్లింది. దానికి ముందు రాత్రే ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్, మొదటి మ్యాచ్‌లో 0-3తో ఓడి ఉండి, బార్సిలోనాని 4-0తో కొట్టింది. 2022లో మాంచెస్టర్ సిటీ 89 నిమిషాలు గడిచేసరికి మొత్తం మీద 5-3తో ముందుంది, రియల్ మాడ్రిడ్ ఆటగాడు రోడ్రిగో నిమిషం తేడాలో రెండు కొట్టాడు. ఈ రాత్రుల కోసమే కదా మనం ఈ పోటీ చూస్తాం. 2019లో ఆ రెండు రాత్రులూ నేను సోఫా మీద కూర్చోలేకపోయాను, మా ఆవిడ కిందింటివాళ్లు వస్తారని అరిచింది. మనల్ని అలా లేపి నిలబెట్టే గుణమే, డబ్బు పెట్టినవాణ్ని ముంచే గుణం కూడా. రెండూ ఒకటే.

ఫైనల్‌లో ఇంటర్ గెలవొచ్చు, పీఎస్‌జీ గెలవొచ్చు. నాకు తెలియదు, నీకూ తెలియదు. నిజం చెప్పనా, ఇంటర్ గెలుస్తుందేమోనని నాకు భయం. ఓడితే నీకు 1,150 పోతాయి. గెలిస్తే ఇంకో ఐదేళ్లు పోతాయి.

ఇప్పుడు నువ్వు ఒక్క ముక్కలో దాటేసిన దాని దగ్గరికి వస్తాను. 300, 600, 900. ఈ మూడూ కలిపితే 1,800. పోయింది 2,850. మిగతా 1,050ని ‘చిన్నాచితకా’ అన్నావు. మార్చి 5 తర్వాత ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లు జరిగిన రాత్రులెన్ని? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మరి ఆ వెయ్యి ఎక్కడ పోయాయి? నాకు తెలిసిన దారులే అయ్యుంటాయి: మ్యాచ్ నడుస్తుండగా తర్వాతి కార్నర్ ఎవరిది, తర్వాతి గోల్ ఎవరిది, అర్ధరాత్రి నిద్ర పట్టక ఎప్పుడూ పేరు వినని లీగ్‌లో పేరు తెలియని టీమ్ మీద, అదే యాప్‌లో పక్కనే ఉండే స్లాట్స్. బ్యాంక్ స్టేట్‌మెంట్ తీసి, ఒక్కొక్కటీ పేపర్ మీద చేత్తో రాయి. టైమ్ కూడా రాయి. తెల్లవారుజామున రెండింటికి పెట్టినవి ఎన్నున్నాయో చూడు. ఇది శిక్ష కాదు. నీకు వచ్చింది ఫుట్‌బాల్ సమస్యా, ఇంకేదైనానా అన్నది ఆ కాగితమే చెబుతుంది. ‘పోయిన చోటే వెతుక్కోవాలి’ అంటారు మన పెద్దవాళ్లు. ఉంగరానికి, తాళంచెవికి ఆ మాట సరిపోతుంది. పందెంలో పోయింది ఆ చోట పడి ఉండదు, ఇంకొకరి ఖాతాలోకి వెళ్లిపోయింది.

చట్టం గురించి అడిగావు. నిజమే, బ్రిటన్‌లో 18 నిండినవాళ్లు లైసెన్స్ ఉన్న చోట బెట్ పెట్టడం నేరం కాదు. కానీ ఇదే దేశం 2020 ఏప్రిల్ నుంచి క్రెడిట్ కార్డుతో బెట్టింగ్‌ని నిషేధించింది, అప్పు చేసి ఆడకూడదని. నువ్వు నాన్న తెచ్చిన అప్పుతో ఆడావు. చట్టబద్ధం అన్న మాట ఇక్కడ నిన్ను కాపాడదు. నీ రూమ్మేట్స్‌లో ఎవరైనా ‘మా కజిన్ హైదరాబాద్‌లో బెట్టింగ్ ఐడీ ఇప్పిస్తాడు, రూపాయల్లో ఆడుకోవచ్చు’ అంటే దాని జోలికి అసలే వెళ్లొద్దు. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ బెట్టింగ్ నేరం. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకి ప్రచారం చేశారని సినిమావాళ్ల మీద, యూట్యూబర్ల మీద హైదరాబాద్‌లో పోలీసులు కేసులు పెట్టారు. ‘ఫిక్స్‌డ్ మ్యాచ్, పక్కా టిప్’ అని టెలిగ్రామ్‌లో అమ్మేవాళ్లూ అంతే. ఫలితం తెలిసినవాడు దాన్ని నీకు పది పౌండ్లకి ఎందుకు అమ్ముతాడు?

చేయాల్సినవి చెబుతాను. ఈ రాత్రే గ్యామ్‌స్టాప్‌లో పేరు నమోదు చేసుకో. పైసా ఖర్చు లేదు. ఇక్కడ లైసెన్స్ ఉన్న ఆన్‌లైన్ బెట్టింగ్ కంపెనీలన్నీ నిన్ను రానివ్వవు. ఆరు నెలలు, ఏడాది, ఐదేళ్లు అని అడుగుతుంది. ఐదేళ్లు పెట్టు. మధ్యలో మనసు మారినా గడువు అయ్యేదాకా తీసెయ్యడం కుదరదు, అదే దాని బలం. నువ్వు వాడే ఈమెయిల్స్, పాత అడ్రస్ అన్నీ ఇవ్వు. ఇది ఆన్‌లైన్‌కి మాత్రమే. వీధిలో ఉండే షాపులకి వేరుగా చెప్పాలి, కౌంటర్‌లో అడిగితే ఆ ఏర్పాటు చేస్తారు. తర్వాత నీ బ్యాంక్ యాప్‌లో గ్యాంబ్లింగ్ బ్లాక్ ఉంటుంది, ఆన్ చెయ్యి. కనబడకపోతే బ్యాంకుకి ఫోన్ చెయ్యి.

ఎవరితోనైనా మాట్లాడాలి. నేషనల్ గ్యాంబ్లింగ్ హెల్ప్‌లైన్ 0808 8020 133, ఉచితం, రాత్రి పగలూ ఉంటుంది. నీ పేరు చెప్పాల్సిన పని లేదు. ఎన్‌హెచ్‌ఎస్‌లో దీని కోసమే ప్రత్యేక క్లినిక్‌లు కూడా ఉన్నాయి, వీసా కోసం నువ్వు కట్టిన హెల్త్ సర్‌చార్జ్ ఇలాంటి వాటికే. నిద్ర పట్టట్లేదన్నావు. అన్నలా సూటిగా అడుగుతున్నా: చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా? వస్తే ఆ క్షణంలోనే సమారిటన్స్ అనే హెల్ప్‌లైన్ 116 123కి ఫోన్ చెయ్యి, లేదా పక్క గదిలో ఉన్నవాణ్ని లేపు. మూడు లక్షలు పోగొట్టుకున్న కొడుకుని ఏ తండ్రి అయినా భరిస్తాడు.

యూనివర్సిటీకి గడువు దాటకముందే వెళ్లు, దాటాక వెళ్లకు. ఈ తేడా చాలా పెద్దది. స్టూడెంట్ మనీ అడ్వైజ్ అని ఒక విభాగం దాదాపు ప్రతి చోటా ఉంటుంది. అక్కడ దాచకుండా జరిగింది చెప్పు, వాళ్లు ఇలాంటివి ఇంతకుముందు చాలా విన్నవాళ్లే. 1,150 కట్టిన రసీదు, బెట్టింగ్ ఆపేసిన ఈమెయిల్ తీసుకెళ్లు. మిగతా 2,850ని నెలనెలా కట్టేలా మార్చమని అడుగు. ఒప్పుకుంటారని నేను హామీ ఇవ్వలేను, కానీ ముందుగా వచ్చినవాళ్ల మాట వినే అవకాశం ఎక్కువ. ఏమీ చెప్పకుండా గడువు దాటిస్తే మాత్రం కథ ఫీజుతో ఆగదు, నీ వీసా స్పాన్సర్‌షిప్ ఆపేసి, వీసాలు చూసే హోమ్ ఆఫీసుకి చెప్పేదాకా వెళ్లొచ్చు.

డబ్బు కోసం స్టూడెంట్ వీసా ఒప్పుకునే వారానికి 20 గంటలు దాటి పని చెయ్యకు. ‘వేసవి కదా, ఫుల్ టైమ్ చెయ్యొచ్చు’ అని వాట్సాప్ గ్రూపులో ఎవరైనా అంటే నమ్మకు. మాస్టర్స్ వాళ్లకి వేసవి చాలావరకు డిసర్టేషన్ కాలం, సెలవు కిందికి రాదు. నీ కోర్సు తేదీల గురించి యూనివర్సిటీనే అడుగు. 2025 ఏప్రిల్ నుంచి గంటకి కనీస వేతనం 12.21 పౌండ్లు అయింది. వారానికి 20 గంటలు చేస్తే 244. నీకు పోయింది దాదాపు పన్నెండు వారాల పని. అద్దె, తిండి పోను వారానికి 80 మిగిల్చినా 36 వారాలు పడుతుంది. ఆలస్యమే, కానీ ఈ దారిలో లెక్క తప్పదు.

ఇక నాన్న.

చెప్పాలి. నువ్వే చెప్పాలి, యూనివర్సిటీ నుంచో రూమ్మేట్ నోటి నుంచో ఆయనకి తెలియకూడదు. ఈ ఏడాది మిర్చి ధర ఎలా పడిపోయిందో నీకు తెలుసు. ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాల్‌కి 11,781 రూపాయలని ప్రకటించాల్సి వచ్చింది. నీకు పోయిన 2,850 పౌండ్లు మన డబ్బులో మూడు లక్షల ఇరవై వేల పైమాట. ఆ ధర లెక్కన 27 క్వింటాళ్లు. 40 కిలోల టిక్కీలు (బస్తాలు) అయితే అరవైకి పైనే. యార్డులో నాన్న పక్కన నిలబడి ఆ టిక్కీలు దింపించిన రోజులు నీకు గుర్తుండే ఉంటాయి. ఇది రాస్తుంటే నాకే గొంతు పట్టేస్తోంది, నువ్వు ఎలా చదువుతున్నావో అర్థం చేసుకోగలను. కానీ నిన్ను కుంగదియ్యడానికి రాయలేదు. ఆయన ఆ టిక్కీలు అమ్మింది నీ చదువు కోసం. ఆ చదువు ఇంకా పోలేదు, దాన్ని కాపాడటానికి ఆయన సాయం కావాలి. ఆయనకి తెలియకుండా ఆయన ఎలా సాయం చేస్తాడు?

షాపులో ఉన్నప్పుడు ఒకటి గమనించాను. భార్యకి సగం చెప్పినవాళ్లు మిగతా సగం సంపాదించడానికి మళ్లీ వచ్చేవాళ్లు. అందుకని అంకె తగ్గించకు. 2,850 అంటే 2,850. ‘స్నేహితుడికి అప్పిచ్చాను’, ‘ఖర్చులు పెరిగాయి’ లాంటివి వద్దు. ముందు అమ్మకి చెప్పి ఆవిడ చేత చెప్పించాలని కూడా చూడకు, ఆ బరువు ఆవిడ మీద పెట్టకు. బెట్టింగ్‌లో పోగొట్టాను, ఇంత పోయింది, ఇంత ఫీజు కట్టేశాను, మళ్లీ ఆడకుండా ఇదిగో ఈ పనులు చేశాను, యూనివర్సిటీ వాళ్లు ఇలా అన్నారు. ఈ వరసలో చెప్పు. తిడతారు. ఫోన్ పెట్టేస్తారు కూడా. నువ్వు గంట ఆగి మళ్లీ చెయ్యి. ఇంకా డబ్బు పంపమని మాత్రం ఆ ఫోన్లో అడక్కు. ఆయనంతట ఆయన అంటే, నీ ఖాతాకి కాకుండా నేరుగా యూనివర్సిటీకే కట్టమని చెప్పు.

మే 31 గురించి. మ్యాచ్ మ్యూనిక్‌లో, ఇక్కడ రాత్రి 8 గంటలకి. బెట్టింగ్ గోల ఉండే రూమ్‌లో కూర్చుని చూడకు. ఆ రాత్రి చూడకపోయినా ఫర్వాలేదు, హైలైట్స్ మర్నాడు చూడొచ్చు. ఆట నీకు మళ్లీ ఆటలా కనబడటానికి కొన్నాళ్లు పడుతుంది, నాకు షాపు మానేశాక ఒక సీజన్ పట్టింది.

నాన్నకి మాత్రం అప్పటిదాకా ఆగకు. ఈ ఆదివారమే చెయ్యి, ఇక్కడ మధ్యాహ్నం రెండున్నరకి. ఊళ్లో అప్పటికి ఏడవుతుంది, ఆయన పొలం నుంచి వచ్చి స్నానం చేసి కూర్చుని ఉంటారు. స్టేట్‌మెంట్ చూసి చేత్తో రాసిన కాగితం ఎదురుగా పెట్టుకో. గొంతు పెగలకపోతే దాంట్లో మొదటి లైన్ చదవడం మొదలుపెట్టు.